పాటకు మజిలీ

హైదరాబాదు నుండి బెంగళూరునకు పోవు 44వ జాతీయ రహదారి పాలమూరు సీమ నడుమగా సాగుచున్నది. జడ్చర్ల దాటిన పిమ్మట కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎఱ్ఱవల్లి వరుసగా తగులును. బీచుపల్లి ఆంజనేయుని సన్నిధిలో బాట కృష్ణను దాటును. బాటకు తూర్పుగా వనపర్తి, ఇంకను తూర్పుగా నాగర్‌కర్నూలు, పడమరగా గద్వాల. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైనవి.

ఈ బాటకు రెండు కొసలనున్న నగరములును నేడు మెటల్ సంగీతమునకు పేరుపొందినవి. 2007 మార్చి 17వ తేదీన ఐరన్ మెయిడెన్ అను ఆంగ్లదేశపు బృందము బెంగళూరు ప్యాలెస్ మైదానమున వేలకొలది యువజనుల యెదుట పాడినది. 2011 అక్టోబరు 30వ తేదీన అదే మైదానమునకు అమెరికా నుండి మెటాలికా బృందము వచ్చినది. హైదరాబాదులో గాడ్‌లెస్ వంటి స్వదేశీ బృందములే పుట్టి, తమ పాటలను దేశాంతరములందు వినిపించుచున్నవి. ఇట్టి బృందము ఒక నగరమున పాడి రెండవ నగరమునకు పోవలెనన్న, గిటారు పెట్టెలతో, డ్రమ్ములతో పట్టవలసిన బాట ఇదియే. అర్ధరాత్రి వేళ కొత్తకోట దీపములు, పెబ్బేరు దీపములు కిటికీ ప్రక్కగా జారిపోవును. బండి ఆగదు.

ఆ వేళకే కొత్తకోట కూడలిలో వనపర్తి కళాశాల విద్యార్థి యొకడు బస్సు కొఱకు నిలిచియుండవచ్చును. ఇయర్‌ఫోన్లలో వందమారులు విన్న బృందమును ఒక్కమారు కన్నులార చూడవలెనని అతని కోరిక. టికెట్టు డబ్బు నెలల తరబడి కూడబెట్టినాడు. ఇంటిలో పెద్దలు “అదేమి అరుపురా నాయనా, దానికొఱకు ఇంత దూరమా?” అనియే యుందురు. పెద్దల ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము కాదు. దానికంటె కష్టమైన ప్రశ్న వేఱొకటి కలదు. పాట తన ఊరి మీదుగానే పోవుచుండగా, దానిని వినుటకు అతడేల నగరమునకు పోవలసివచ్చినది? ఊరు చిన్నదగుటయే కారణమా?

అరుపులోని విద్య

ఆ విద్యార్థి వినబోవు సంగీతమునకు మెటల్‌కోర్ అని పేరు. 1980ల చివరను, 1990ల యందును అమెరికాలో రెండు పాయలు కలిసి ఇది యేర్పడినది. ఒకటి హెవీ మెటల్: బరువైన గిటారు నాదము, చేతివడి గల వాద్యకారుల విద్య. రెండవది హార్డ్‌కోర్ పంక్: చిన్న చిన్న గదులలో, ఎత్తైన వేదిక లేకుండ, శ్రోతల భుజములకు భుజములు తగులుచుండగా పాడు యువకుల కోపగానము. మసాచుసెట్స్ రాష్ట్రపు కిల్‌స్విచ్ ఎంగేజ్ బృందము 2002లో వెలువరించిన పాటల సంపుటి ఈ పద్ధతిని లోకమునకు తెలిపిన వానిలో ముఖ్యమైనది. ఆస్ట్రేలియా తూర్పు తీరమున బైరన్ బే అను చిన్న ఊరిలో 2003లో పుట్టిన పార్క్‌వే డ్రైవ్ బృందము కూడ లోకమంతయు తిరిగి పేరు గడించినది.

దీనిని మొదటిమారు వినువారికి తోచునది అరుపు. కాని అరుపునకును ఒక శిక్ష కలదు. స్వరపేటికలో అసలు స్వరతంత్రులకు పైగా మఱి రెండు మడతలున్నవి. మామూలుగా పాడునప్పుడు అవి కదలవు. శ్వాసను అదుపున నుంచి ఆ మడతలను కదలించి తీయు నాదమే ఈ గాయకుని గర్జనము. విద్య తెలియక గొంతు చించుకొన్నవాడు నాలుగు దినములలో మూగవోవును. తెలిసినవాడు నెలల తరబడి ఊరూర పాడగలడు. గిటారు తీగలను మామూలు శ్రుతికంటె క్రిందికి దింపుదురు. డ్రమ్ములు వాయించువాడు రెండు కాళ్ళతోను పెద్ద డ్రమ్మును మ్రోయించును. గర్జనము నడుమ హఠాత్తుగా తేటయైన రాగము వచ్చుటయు ఈ పాటలలో తఱచు కనబడు మఱియొక పోకడ.

వీనికన్నిటికిని మించినది బ్రేక్‌డౌన్ అనునది. వడిగా పరుగిడుచున్న పాట ఉన్నట్లుండి మందగించును. గిటారును పెద్ద డ్రమ్మును ఒక్క దెబ్బపై కలిసి పడును. దెబ్బకును దెబ్బకును నడుమ ఎడము పెరుగును. ఆ యెడములో సభ యంతయు కదలును. రికార్డులో ఇది కొన్ని క్షణముల విశేషము; సభలో ఇదియే పాటకు ప్రాణము. ఏలనన, ఇది వినుటకు కట్టినది కాదు, కదలుటకు కట్టినది. వేదిక ముందు యువకులు వలయము కట్టి ఒకరినొకరు త్రోసికొనుచు ఆడుదురు. దూరమునుండి చూచువారికది కొట్లాటవలె నుండును. కాని అందొక వ్రాయని శాసనము కలదు. ఎవడైన క్రిందపడినచో చుట్టునున్నవారు తక్షణమే ఆగి వానిని లేవనెత్తవలెను. ఊరు పేరు తెలియని చేతులు పట్టి లేపునప్పుడు ఆ విద్యార్థికి కలుగు ఆనందము ఇయర్‌ఫోన్లలో దొరకదు.

పెద్ద డ్రమ్ము దెబ్బ చెవికంటె ముందు ఱొమ్మునకు తగులును. ఈ మాట పాలమూరు వారికి క్రొత్త గాదు. పీర్ల పండుగ నాడు గాని, ఊరి దేవత పండుగ నాడు గాని డప్పుల వరుస యెదుట నిలిచినవారెవరైనను ఎఱుగుదురు. దరువు మారగానే కాళ్ళు వాటంతట అవియే కదలును. బుఱ్ఱకథలో వంతలు తందాన అనకున్నచో కథకుని మాట నిలువదు. తాళము లేని భజన లేదు. వినువాడు సగము పాడవలసిన పాటలు తెలుగునాట ఎన్నో కలవు. మెటల్‌కోర్ నాదము పరదేశముది; దాని సభాధర్మము మాత్రము మనకు చిరపరిచితము.

ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత సభలకు నాదపరిమితిని సూచించుచు, సగటున 100 డెసిబెల్లులకు మించరాదని చెప్పినది. చెవిలో పెట్టుకొను చిన్న బిరడాలను పెట్టుకొని వినుట పిఱికితనము కాదు. బృందములలోని వాద్యకారులు పలువురు వానిని ధరించియే వాయింతురు.

కోటలోనికి వచ్చిన జంట

పాట, పద్యము ఊరినుండి ఊరికి నడచుట ఈ సీమకు పూర్వమునుండియు నున్నదే. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. కార్తీక, మాఘ మాసములలో అచ్చట పండిత సభలు జరిగెడివి. దూరదేశముల నుండి కవులు, శాస్త్రవేత్తలు వచ్చి తమ విద్యను నిరూపించుకొని సత్కారములు పొంది మఱలిపోయెడివారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు మూడును వారికి దగ్గర దగ్గర మజిలీలు. ఒకచోట గెలిచినవాడు రెండవచోటికి పోవును. అతని కంటె ముందుగా అతని కీర్తి పోవును.

అట్లు వచ్చినవారిలో తిరుపతి వేంకటకవులను మఱువరాదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) అను ఈ యిరువురును గోదావరీ మండలము నుండి బయలుదేరి సంస్థానములన్నియు తిరిగి అవధానములు చేసిరి. నేటివంటి మోటారు బాటలు లేని దినములవి. ఆ యాత్రలలో చెప్పిన పద్యములే “నానారాజసందర్శనము” అను పేర గ్రంథమైనవి. పండితులు మీసములు పెంచుట వాడుక కాని కాలమున, తమ్ము గెలిచినవారుంటే తీసివేయుదుమని సవాలుగా మీసములు పెంచిన జంట యది. నేటి బృందముల వారి పొడవైన జుట్టును, పచ్చబొట్లను చూచి నవ్వు తెలుగు విద్యార్థి ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుట మంచిది. ఊరూర తిరుగు కళాకారునకు కొంత వేషము, కొంత సవాలు ఎప్పుడును అవసరమే.

అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు కవిని చుట్టుముట్టుదురు. ఒకడు సమస్య నిచ్చును. ఒకడు ప్రతి యక్షరమునకు అడ్డుపడి నిషేధించును. ఒకడు నాలుగు పదములిచ్చి వానిని పద్యములో ఇముడ్చుమనును. వేఱొకడు పద్యము నడుమ పనిలేని మాటలతో కవి దృష్టిని చెదరగొట్టును. అన్నిటిని మనసున నిలుపుకొని తుదకు పద్యములన్నియు ధారణ చేయవలెను. శతావధానమున పృచ్ఛకులు నూఱుగురు. ఆ పద్యములు అచ్చులో చదివినప్పుడు కొన్ని సామాన్యముగా నుండవచ్చును. దోషము పద్యములది కాదు. అచ్చులో పృచ్ఛకుడు లేడు. నిషేధాక్షరి వేసినప్పుడు సభ బిగబట్టిన ఊపిరి లేదు. కవి క్షణకాలము తడబడి నిలదొక్కుకొన్నప్పటి చప్పట్లు లేవు. రికార్డునకును సభకును గల భేదము పుస్తకమునకును అవధానమునకును గలదు.

గద్వాల మహానగరమై యుండుటచేత ఈ కవులు రాలేదు. అచ్చట విను చెవి యున్నదనియు, విని ఊరకుండక సత్కరించు చేయి యున్నదనియు తెలిసి వచ్చిరి. అయితే ఈ చిత్రమునకు వెలుగుతోపాటు నీడయు కలదు. ఆ సభలు కోటలోనివి. దుక్కి దున్నువాడు, తోలు పని చేయువాడు, మగ్గము నేయువాడు వాని వెలుపలనే యుండిరి. గద్వాల ప్రాంతమునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”లో రాజుల యుద్ధములను ప్రక్కనుంచి జనుల ఆటపాటలను చరిత్రగా గ్రహించుటకు కారణమిదియే. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ ఆ గ్రంథమునకు పురస్కారమిచ్చినది. కోట వెలుపలి జనమునకును సంచార గాయకులు కలరని ఆ గ్రంథము చదివినవారికి తెలియును. వారి బాటలు వేఱు, వారి మజిలీలు వేఱు.

కిన్నెర నడచిన బాట

నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల యడవి అంచున లింగాల మండలము కలదు. అందలి అవుసలికుంట గ్రామము కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యది. కిన్నెర వాయించు డక్కలివారు మాదిగవారికి ఆశ్రిత కులము. ఏ కుటుంబము ఏ గ్రామములకు పోవలెనో తరతరముల నుండి వచ్చిన హక్కు కలదు. దానిని మిరాశి యందురు. డక్కలివారు ఆ గ్రామములకు వరుసగా పోయి, మాదిగవాడలో జాంబపురాణము చెప్పి, కథలు పాడి, ధాన్యమో డబ్బో పుచ్చుకొని ముందుకు సాగెడివారు. నేటి బృందములు ఏ తేదీన ఏ నగరమున పాడునో ముందుగా అచ్చువేసి ప్రకటించును. మిరాశి అట్టి పట్టికయే. కాని అది కాగితముపై గాక వాడవారి జ్ఞాపకములో నుండెడిది.

కిన్నెర చూచుటకు వింతయైన వాద్యము. పొడవైన వెదురు దండమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱలు కట్టుదురు; నాదమును పెంచునవి అవియే. దండముపై మెట్లు. పూర్వము అలుగు పొలుసులను తేనెమైనముతో అతికించి మెట్లుగా అమర్చెడివారు. మొగులయ్య వాయించునది పన్నెండు మెట్ల కిన్నెర. దానికొక కొయ్యపక్షి అమర్చియుండును. తీగ మీటినప్పుడు ఆ పక్షి తలయూచుచు ఆడును. పిల్లలు ముందుగా చూచునది ఆ పక్షినే. అడవి, తోట, తేనెపట్టు కలిసి ఒక వాద్యమైనట్లుండును. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో కిన్నెర వాయించి శివుని మెప్పించిన కిన్నర బ్రహ్మయ్య కథను చెప్పియున్నాడు. ఈ నాదము తెలుగునాట ఎంత పాతదో దానివలన తెలియుచున్నది.

కిన్నెరపై పాడు కథలలో పండుగ సాయన్న కథ పాలమూరునకు ప్రియమైనది. నిజాము పాలనకాలమున ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టిన వీరుడని సాయన్నను జనులు తలంతురు. ఈ కథను వాడలో కూర్చుండి వినుట వేఱు. గాయకుడు శ్రోతల ముఖములు చూచుచు పాడును. ముసలివారు కంటతడి పెట్టినచోట కథ నిలుచును. పిల్లలు కునుకుచోట వడిగా సాగును. సాయన్న పెట్టిన అన్నము మాట వచ్చినప్పుడు ఆకలి యెఱిగినవారి నోట వచ్చు “అయ్యో” అను మాట పాటలో భాగమే. కోటలోని పృచ్ఛకునివలె వాడలోని శ్రోతయు పాటకు రెండవ కర్త.

ఈ మిరాశి బాట క్రమముగా చెదరిపోయినది. సినిమా వచ్చినది, రేడియో వచ్చినది, టెలివిజన్ వచ్చినది. వానలేక కరవు వచ్చి పల్లెజనము పనులకై దూరనగరములకు వలసపోయిరి. పాలమూరు కూలీలను ఎఱుగని పెద్ద కట్టడము దేశమున అరుదు. విను వాడయే సగము ఖాళీయైనప్పుడు గాయకుడెవరికి పాడవలెను? పైగా ఈ యాచనావృత్తిలో కులావమానమును కలదు. తన పిల్లలకది వలదని ఒక గాయకుడు తలంచినచో తప్పు పట్టుట న్యాయము కాదు. కళ నిలువవలెను, అవమానము తొలగవలెను. ఈ రెండును కలిసి జరుగవలెనన్న కళకు గౌరవమైన జీతము దొరకవలెను.

కీర్తి వేఱు, కూడు వేఱు

మరుగునపడిన ఈ వాద్యమును ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు వెలుగునకు తెచ్చిరి. 2021లో “భీమ్లా నాయక్” చలనచిత్రపు పేరు పాటకు మొగులయ్య కిన్నెరతో ఎత్తుగడ పాడెను. పాట విడుదలైన కొలది దినములలోనే లక్షలకొలది జనులు ఫోనులలో వినిరి. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ప్రకటించినది. రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలను, ఇంటి స్థలమును ప్రకటించినది. పన్నెండు మెట్ల కిన్నెర బడిపిల్లలు చదువు పాఠమైనది.

2024 మే నెలలో వేఱొక వార్త వచ్చినది. హైదరాబాదు సమీపమున తుర్కయాంజాల్‌లో ఒక కట్టడము వద్ద ఆ పద్మశ్రీ గ్రహీత దినకూలిగా పనిచేయుచుండుటను పత్రికలు చిత్రముతో ప్రకటించెను. చదివినవారు నివ్వెఱపోయిరి. తప్పెవరిదని వాదములు జరిగినవి. ఆ వాదముల నటుంచి, ఒక్క సంగతిని ఆలోచింపవలెను. పాటను ఫోనులో విన్న లక్షలమందిలో కిన్నెరను ఎదుట కూర్చుండి విన్నవారెందఱు? తమ ఊరికి పిలిచినవారెందఱు? బిరుదు ఒక్కమారు వచ్చును. బహుమతి ఒక్కమారు వచ్చును. ఆకలి దినదినము వచ్చును. మిరాశి బాట పోయిన పిమ్మట దానికి బదులుగా దినదినము కూడు పెట్టు బాట మఱియొకటి యేర్పడలేదు.

ఈ కష్టము కిన్నెరకు మాత్రమే పరిమితము కాదు. మెటల్‌కోర్ బృందముల సంగతియు ఇంచుమించుగా ఇట్లే యున్నది. ఫోనులో ఒకమారు పాట విన్నందుకు బృందమునకు చేరునది పైసలలో చెప్పవలసినంత స్వల్పము. చిన్న బృందములు బ్రతుకునది ఊరూర తిరిగి పాడుటవలన. సభ ద్వారమున బల్ల వేసి తమ పేరు అచ్చువేసిన టీషర్టులు అమ్ముకొనుటవలన. అందుచేతనే వారు బండిలో నిదురపోయి, దొరికినది తిని, మఱునాటి ఊరికి ప్రయాణమగుదురు. కొత్తకోట కూడలిలో బస్సు కొఱకు నిలిచిన విద్యార్థి తాను వినోదమునకు పోవుచున్నాననుకొనుచున్నాడు. నిజమునకు అతడొక మిరాశి చెల్లించుచున్నాడు. అతడు కొన్న టికెట్టు ఆ బృందమును తరువాతి మజిలీకి చేర్చును. ఎదుట నిలిచి వినువాడే పాటకు అన్నదాత. దూరమునుండి వినువాడు కీర్తిని మాత్రమే ఈయగలడు.

ఎనిమిది వందల శ్రోతల ఊరు

“నగరములకు జనము కలదు, ధనము కలదు, చిన్న ఊళ్ళకేమున్నది?” అని అడుగవచ్చును. 2011 జనగణన నాటికి గద్వాల, వనపర్తి పట్టణముల జనాభా ఒక్కొక్కటి అఱువది వేలకు అటునిటుగా నున్నది. ఉత్తర జర్మనీలో వాకెన్ అను పల్లె కలదు. దాని జనాభా ఇంచుమించు రెండు వేలు. పాడిపసుల ఊరు, పొలముల ఊరు. 1990 ఆగస్టులో ఆ ఊరి యువకులు కొందఱు ఆఱు మెటల్ బృందములను పిలిచి ఒక చిన్న ఉత్సవము చేసిరి. వచ్చిన శ్రోతలు ఎనిమిది వందలమంది. మఱుసటి యేడును చేసిరి. ఆ పైయేడును చేసిరి. నేడు ప్రతి వేసవిలోను డెబ్బదియైదు వేలకు పైగా జనులు ఆ పల్లె పొలములకు వచ్చుచున్నారు. లోకములోని మెటల్ బృందములన్నిటికిని ఆ పల్లెలో పాడుట ఒక గౌరవము. ఢిల్లీకి చెందిన బ్లడీవుడ్ బృందము 2019లో అచ్చటికి పోయి, గిటారుల నడుమ ఢోలు మ్రోయించి, వేలకొలది పరదేశీయులను ఆడించినది.

వాకెన్ పెద్ద ఊరగుటచేత పాట రాలేదు; పాటను పిలిచి, మఱల మఱల పిలిచి, పెద్ద పేరు గన్నది. గద్వాల ఒకప్పుడు చేసినదియు అదియే. కార్తీకమున ఒకమారు సభచేసి మానుకొన్నచో దానికి విద్వద్గద్వాల యను పేరు రాకపోవును. ఏటేట, అదే మాసమున, తప్పక జరుగునను నమ్మకముచేతనే దూరపు కవి బండి కట్టించుకొని బయలుదేరెడివాడు. పాట నడచు బాటను వేయునది ఇంజనీరు కాదు, శ్రోత. ఊరి జనాభా కాదు, ఊరి అలవాటు ముఖ్యము.

బడిలో ఒక సాయంకాలము

ఈ అలవాటు మొదలు కావలసిన చోటు బడి. ఏటేట వార్షికోత్సవము జరుగని బడి లేదు, కళాశాల లేదు. అందు తఱచుగా జరుగునదేమి? పెన్‌డ్రైవులో పాట పెట్టి, పెద్ద స్పీకర్లలో మ్రోయించి, పిల్లలచేత పెదవులు కదలించి ఆడింతురు. స్పీకర్ల కిరాయికి వేల రూపాయలగును. ఆ డబ్బులో కొంత తీసి ఒక కిన్నెర కళాకారుని, ఒక డప్పు దళమును, ఒక అవధానిని పిలువవచ్చును. శాలువా కప్పి పంపుట చాలదు. ప్రయాణపు ఖర్చును, తగిన పారితోషికమును ముందుగా మాటాడి ఈయవలెను. పిల్లలను నేలపై దగ్గరగా కూర్చుండబెట్టవలెను. మైకు అవసరము లేనంత దగ్గరగా కూర్చున్నప్పుడు కొయ్యపక్షి తలయూపు కూడ పాఠమగును. కిన్నెర మెట్లెన్ని, బుఱ్ఱలెందుకు, ఈ కథ ఎవరి నోట నేర్చితివి, తాతా, అని పిల్లలు అడుగవలెను. పాఠ్యపుస్తకములో చదివిన కిన్నెరకును ఎదుట మ్రోగిన కిన్నెరకును గల భేదమును వారు స్వయముగా కనుగొందురు.

నాగర్‌కర్నూలు జిల్లా గౌరారమున పుట్టిన గోరటి వెంకన్న “వల్లంకితాళము”నకు 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆ కవిని వేదికపై పాడుచు ఆడుచు నుండగా చూచినవారికి పుస్తకములోని పాట సగమే యని తెలియును. తెలుగు పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇక మెటల్‌కోర్ విను విద్యార్థి సంగతి. అతనిని తరగతిలో పరిహసించుటవలన లాభము లేదు. ఒక పాటను వినిపించి దాని నిర్మాణమును తెలుగులో వివరింపుమని కోరుట మేలు. వడి యెక్కడ, మందగతి యెక్కడ, అరుపు ఎందుకు, తేటరాగము ఎందుకు, శ్రోతలు ఎక్కడ గొంతు కలుపుదురు అని అతడు చెప్పవలెను. చెప్పునప్పుడు అతనికే తెలియును, తాను ఆదరించునది వట్టి చప్పుడు కాదని. పిమ్మట అతనిని కిన్నెర యెదుట కూర్చుండబెట్టినచో, డప్పు దరువును విని దానిలోని ఎడములను లెక్కింపుమన్నచో, ఇతరులకంటె అతడే చక్కగా వినగలడు. దూరపు నాదమును శ్రద్ధగా విన్న చెవి దగ్గరి నాదమును నిరాకరింపదు. నిరాకరించునది శ్రద్ధ లేని చెవి.

పెద్దలును ఒక పని చేయవలెను. తమ యౌవనమున ఊరికి వచ్చిన నాటకమునకో, బుఱ్ఱకథకో, హరికథకో ఎన్ని మైళ్ళు నడచిపోయిరో పిల్లలకు చెప్పవలెను. ఆ నడకయే నేడు బస్సు ప్రయాణమైనది. అది తెలిసిన తండ్రి “అదేమి అరుపురా నాయనా” అనుటకు ముందు, “తిరిగి వచ్చుటకు బస్సున్నదా, తోడెవరున్నారు, చెవులు జాగ్రత్త” అని అడుగును.

తెల్లవారుజామున బస్సు కొత్తకోటలో ఆ విద్యార్థిని దింపివేయును. చెవులలో ఇంకను హోరు, కాళ్ళు నొప్పి, ఒంటిపై క్రొత్త టీషర్టు. వనపర్తికి మొదటి బస్సు రావలసి యున్నది. రాత్రి తనను పట్టి లేపిన చేతులను తలచుకొనుచు అతడు నిలిచియుండును. అట్టి రాత్రి తన ఊరిలోనే జరుగునట్లు చేయుటకు ఏమి కావలెనని ఆ నిమిషమున అతనికి తోచినచో, దానికి పెద్ద మైదానము అక్కఱలేదు. ఒక బడి ఆవరణ, నూఱుమంది శ్రోతలు, ఏటేట తప్పని ఒక తేదీ చాలును.